మా ఖుషీ సంగతేంది?

మా గురించి తెలుగులో వచ్చిన పుస్తకాలన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే ఒక సంగతి కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటిలో మా ఏడుపుంది. మా భయముంది. ఇల్లు అద్దెకివ్వనన్న వాళ్ళున్నారు. క్రికెట్ మ్యాచ్ రోజున మా మొహాల్లోకి తొంగి చూసిన వాళ్ళున్నారు. మా నవ్వు మాత్రం ఎక్కడో ఒక పేజీ చివర, పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఒదిగి నిలబడి ఉంది.

ఆ పుస్తకాల మీద మాకే ఫిర్యాదూ లేదు. అవి లేకుంటే మాకు నోరే లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాకపోతే, 1992 డిసెంబర్ 6 తర్వాత మా గొంతులో అడ్డం పడ్డదాన్ని ఏ మాటతో బయటికి తియ్యాలో మాకు తెలిసేది కాదు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చినప్పుడు మాలో మేం చేతులు మార్చుకుంటూ చదివి దాని అట్ట ఊడగొట్టాం. గాయాన్ని గాయమని చెప్పడం అప్పటి అవసరం. 2002 గుజరాత్ తర్వాతా అవసరమే. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన కుర్రవాళ్ళు నిర్దోషులుగా ఇంటికి తిరిగొచ్చిన రోజునా అవసరమే. ఇవాళా అవసరమే.

కానీ గాయమొక్కటే మా పేరైతే ఎట్లా? మమ్మల్ని ద్వేషించేవాడికీ మా గాయమే కావాలి. మమ్మల్ని ప్రేమించేవాడికీ మా గాయమే కావాలి. ఒకరు కెలకడానికి, ఒకరు కట్టు కట్టడానికి. గాయం లేనిచోట మేం ఇద్దరికీ కనిపించం. మరి మిగతా రోజులన్నీ మేం ఏం చేస్తున్నట్టు? ఏం చూసి మురిసిపోతున్నట్టు? ఏ పాటకి తల ఊపుతున్నట్టు? ఏ పుస్తకం దిండు కింద పెట్టుకుంటున్నట్టు? అద్దం ముందు నిలబడి ఎవరి కోసం సింగారించుకుంటున్నట్టు? ఆ లెక్క ఎవరో ఒకరు రాయాలి. మాది మేం రాసుకుంటున్నాం.

మేమంటే ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, గోదావరి దాటి చింతూరు వైపు అడవి చిక్కబడేదాకా చెదిరి ఉన్నవాళ్ళం. 2014లో గీతలు మారి గోదావరి అవతలి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. మా పెళ్ళిపత్రికలు రెండు రాష్ట్రాల్లో పంచాల్సి వచ్చింది. 2016లో ఖమ్మం జిల్లా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. మా చుట్టరికాలకు ఆ కబురు అందలేదు. మేం నవాబులం కాదు. దూదేకినవాళ్ళం. సైకిలు పంక్చర్లు వేసినవాళ్ళం. కోయ గూడేల సంతల్లో గాజుల మలారం విప్పి కూచున్నవాళ్ళం. సింగరేణి బావుల్లో దిగినవాళ్ళం. తునికాకు కల్లాల్లో కట్టలు లెక్కపెట్టినవాళ్ళం. హైదరాబాద్ చుట్టాలకు మా ఉర్దూ నవ్వులాట. మా ఊరి బళ్ళో మా తెలుగు నవ్వులాట. వాళ్ళు నవ్వితే నవ్వారుగానీ, ఒకే వాక్యంలో రెండు భాషల్లోనూ తిట్టగలిగే సుఖం వాళ్ళకేం తెలుసు?

మా ఖుషీల్లో మొదటిది ఒక ఏడుపు పండుగ.

క్రీ.శ. 680లో కర్బలాలో, గుక్కెడు నీళ్ళు కూడా అందకుండా చేసి, ఇమాం హుసేన్‌నీ ఆయన వెంట ఉన్నవాళ్ళనీ చంపారు. అది దుఃఖం. ఆ దుఃఖం ఎన్నో దేశాలు దాటి, దక్కన్ దారులు పట్టి మా అడవి అంచు ఊళ్ళకి వచ్చేసరికి పీర్ల పండుగైంది. చావడికి సున్నం వేస్తారు. ముందు ఆలావా తవ్వుతారు. పెట్టెలోంచి పీర్లను తీసి తోమి, ఎర్రవీ పచ్చవీ దట్టీలు కడతారు. ఊదు పొగ లేస్తుంది. కుడుకలు, బెల్లం వస్తాయి. మలీద ముద్దలు చేతులు మారతాయి. డప్పు మోగిందంటే ఇక కాలు ఆగదు. అసోయ్ దూలా అని ఊరు ఊరంతా అరుస్తుంది. పీరెత్తుకున్న మనిషి మాదిగ ఇంటివాడు కావచ్చు, గొల్ల ఇంటివాడు కావచ్చు. పీరు ఊగుతూ పోయి ఒకరి గడప ముందు ఆగిందంటే ఆ ఇంటివాళ్ళకి అది ఏడాదికి సరిపడా సంబరం.

ఆ పీర్లలో ఖాసిం పీరు ఉంటాడు. కర్బలాలోనే పెళ్ళై, అక్కడే చనిపోయిన కుర్రవాడని మా నానీలు, దాదీలు చెప్పే కథ. అందుకని ఖాసిం దూలా అంటాం. దూలా అంటే మా ఇంటి మాటలో పెళ్ళికొడుకు. మొహర్రం ఏడో రోజు ఆయన పేరిట మెహందీ తీస్తారు. చనిపోయిన పిల్లవాడికి గోరింటాకు కలిపే మనుషులం మేం. పదమూడు వందల ఏళ్ళ దుఃఖానికి పెళ్ళిబట్టలు తొడిగి ఊరేగించే మనుషులం. ఏడుపులో నుంచి పండుగ తియ్యడం మాకెవరూ నేర్పక్కర్లేదు. ఖమ్మం జిల్లా చింతకానిలో పుట్టిన అఫ్సర్ 2013లో పీర్ల పండుగ మీద ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల మీద రాసిన పుస్తకమది. అది వచ్చిందని తెలిసినప్పుడు మాకొకటే గర్వం. మన ఆలావా ముందు ఆడినదంతా ఒకరు చదువుకోవాల్సిన సంగతేనన్నమాట!

డప్పు మాటొచ్చింది కాబట్టి మర్ఫా గురించి చెప్పాలి. హైదరాబాద్ నుంచి మర్ఫా పిలిపించారంటే ఆ పెళ్ళి పది ఊళ్ళకు తెలుస్తుంది. బరాత్ ముందు ఆ దరువు మొదలైతే మోకాళ్ళ నొప్పుల ఫూఫీ కూడా అరుగు దిగుతుంది. ఆ దరువు ఎక్కడిదనుకున్నారు? ఆఫ్రికాది. నిజాం కొలువులో గుర్రపు దళంగా ఉండిన సిద్దీలు, వాళ్ళతో పాటు అరబ్బు చావూష్‌లు దాన్ని ఇక్కడ పాదుచేశారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. అంటే మా పెళ్ళిళ్ళలో మేం ఎగిరేది ఆఫ్రికా నల్లవాళ్ళు మోసుకొచ్చిన తాళానికి. చంపుకోలేక వెంట తెచ్చుకున్న సంతోషం అది. మాకు చేరింది.

మా జిల్లా ఎర్రజెండాల జిల్లా. ఇక్కడ ఎవరింట్లో నాలుగు పుస్తకాలున్నా అందులో ‘ఏడు తరాలు’ ఉంటుంది. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కి సహవాసి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ పుస్తకం చదివి ఏడవని వాళ్ళు లేరు. గొలుసులు చూసి ఏడ్చారు. ఓడ అడుగున మనుషుల్ని పేర్చిన తీరు చూసి ఏడ్చారు. మేం ఏడ్చాం. కానీ మేం ఇంకొకటి కూడా చూశాం. కుంటా కింటే మావాడు. గాంబియాలో జఫూరే ఊరివాడు. నమాజు చేసే ఇంటి పిల్లవాడు. మదర్సాలో ఖురాను పాఠం చెప్పించుకున్నవాడు. వాణ్ణి దొరలు పట్టుకుపోయిన రోజున వాడు అడవిలోకి ఎందుకు పోయాడో గుర్తుందా? డోలు చేసుకోవడానికి మంచి కర్ర కోసం పోయాడు. వాణ్ణి ఎత్తుకుపోయినవాళ్ళు ఒక బానిసను ఎత్తుకుపోలేదు, డోలు చేసుకోబోతున్న ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. ఆ తేడా తెలియకపోతే ఎంత పోయిందో కూడా తెలియదు.

అమెరికాలో నల్లవాళ్ళు ఈ మాట చాలాకాలంగా చెప్తున్నారు. 1928లోనే జోరా నీల్ హర్‌స్టన్ అనే రచయిత్రి, నల్లగా పుట్టినందుకు తానేమీ విషాదపాత్రని కానని ఒక వ్యాసం రాసింది. మహమ్మద్ అలీ బాక్సింగ్ గెలవడంతో ఊరుకోలేదు, నేనెంత అందగాణ్ణో చూడండని కెమెరాల ముందు నిలబడి అడిగాడు. నల్లవాణ్ణి, ముస్లిం పేరు పెట్టుకున్నవాణ్ణి, అందగాణ్ణి అని ఒక్క ఊపిరిలో చెప్పడానికి ఎంత గుండె కావాలి! ఇవాళ వాళ్ళ పిల్లలు నల్లవాళ్ళ ఆనందం అని దానికొక పేరే పెట్టుకున్నారు. మా పాటలు, మా సినిమాలు, మా జుట్టు, మా నవ్వు ఇవి కూడా మా చరిత్రేనంటున్నారు. మాకు ఆ మాట కొత్తగా వినపడలేదు. అజాన్ మొట్టమొదట పలికిన గొంతు హజ్రత్ బిలాల్‌ది. అబిసీనియా నల్లవాడు, బానిసగా ఉండినవాడు. మక్కా చేతికొచ్చిన రోజున కాబా మీదికెక్కి అజాన్ పలకమన్నది ఆయన్నే. ఆ గొంతు మీద ప్రేమతోనే మా ఇళ్ళల్లో నల్లటి పిల్లలకీ, తెల్లటి పిల్లలకీ బిలాల్ అని పేరు పెట్టుకుంటాం.

గొంతు అనుకుంటే మాకు వెంటనే రఫీ గుర్తొస్తాడు. మా ఇళ్ళల్లో ఫోటో లేకపోయినా ఆయన గొంతుంది. ‘భలే తమ్ముడు’ (1969)లో ఎన్టీ రామారావుకి పాడింది ఆయనే. ‘అక్బర్ సలీం అనార్కలి’ (1978)లోనూ ఆయనే. ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. నాగయ్య గారి ‘రామదాసు’ (1964) సినిమాలో కబీరుకి పాడింది మహమ్మద్ రఫీ. మా భద్రాచలం కథలో మా రఫీ! రామదాసు కథలో కబీరు ఉన్నాడు, తానీషా ఉన్నాడు. గోల్కొండ జైల్లో పెట్టినవాడూ తానీషానే, రాముడొచ్చి మాడలు గుమ్మరించాడని కథ చెప్పే జనం కళ్ళల్లో రామదర్శనం దక్కినవాడూ తానీషానే. శ్రీరామనవమి నాడు సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు మోసుకొచ్చే ఆచారం ఆయన పేరు మీదే నడుస్తోంది. అన్నిచోట్లా తలంబ్రాలు పసుపు రంగు. భద్రాచలంలో మాత్రం గులాల్ కలిపి ఎర్రగా ఉంటాయి. అదీ తానీషా నాటి ఆచారమేనని చెప్తారు.

ఇక్కడ ఒక్కమాట. ఇదంతా మేం మంచి ముస్లింలమని సర్టిఫికెట్ చూపించడానికి చెప్పడం లేదు. తలంబ్రాల రంగు చూపించి ఇంటి అద్దె అడుక్కోవడం లేదు. ఆ జాతరలో గాజుల కొట్టు పెట్టుకుని, సాయంత్రానికి కొట్టు సర్దుకుని, గోదావరి ఇసుకలో కాళ్ళు చాపి, మైకులో వచ్చే కీర్తనకి తల ఊపితే మాకు బాగుంటుంది. అంతే. బాగుండటానికి కారణం చెప్పక్కర్లేని స్థితి కావాలి మాకు. మీరు గులాంఅలీ గజల్ వింటే మీ మనసు విశాలమంటారు. మేం రామదాసు కీర్తన వింటే మా దేశభక్తికి మార్కులేస్తారు. పాట వినేటప్పుడు కూడా పరీక్ష రాయాలా?

టీవీ సంగతి కూడా ఇట్లాంటిదే. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో బజారుకొక టీవీ. ఆదివారం పొద్దున ‘మహాభారత్’ వస్తుంటే మేం కూడా చాప మీద కూచున్నాం. సమయుడు మాట్లాడుతుంటే ఊరంతా చేతులు కట్టుకుని విన్నది. ఆ సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా. మాలో ఎవరో ఆ పేరు టైటిల్స్‌లో పట్టుకుని, మనోడేరా అని అరిచారు. ఆ వారం నుంచి సీరియల్ కన్నా ముందు పేర్లు చూడటానికి కూచునేవాళ్ళం. ఎవరికీ ఏమీ నిరూపించాలని కాదు. పేరు వచ్చిన ఆ ఒక్క క్షణం చాప మీద కొంచెం వెడల్పుగా కూచునేవాళ్ళం.

1988లోనే గుల్జార్ ‘మీర్జా గాలిబ్’ వచ్చింది. నసీరుద్దీన్ షా నడక, జగ్‌జిత్ సింగ్ గొంతు. మా అబ్బాలకి గాలిబ్ సగం అర్థమయ్యేవాడు, మాకు పావు. అయినా ఆ రాత్రి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. అప్పులపాలై, పండుగనాడు కూడా చేతిలో పైసా లేక, అయినా మాటలో రాజసం తగ్గని ఆ మనిషి మా బజారు మనిషిలాగే ఉండేవాడు. 1990లో టిప్పు సుల్తాన్ సీరియల్ వచ్చింది. కత్తి పట్టుకుని మావాడొకడు తెర మీద గుర్రమెక్కితే పిల్లలు చీపురుపుల్లలు పట్టుకుని వీధిలో దౌడు తీశారు. దాని మీద గొడవలై, కేసులై, ఇది కల్పితం అని ముందు చెప్పించారు. మిగతా పౌరాణికాలకు లేని షరతు మా సంబరానికొచ్చింది. పిల్లలు ఆ అక్షరాలు చదివే వయసువాళ్ళు కాదు గనక చీపురుపుల్లలు కింద పెట్టలేదు.

ఆ తర్వాత ఎన్ని ఛానళ్ళొచ్చినా, తెలుగు తెర మీద మేం చాలాకాలం పాన్‌డబ్బా భాయ్‌లం, వంకర తెలుగు మాట్లాడే తోడు వేషాలం, లేదంటే బాంబు పట్టుకున్నవాళ్ళం. అందుకే 2022లో ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియనైన రాత్రి మా ఇళ్ళల్లో మిఠాయి డబ్బాలు తెరిచారు. 2023లో మళ్ళీ గెలిచింది. మా ఖాలాలు ఆ పిల్ల వేసుకున్న నిక్కరు గురించి ఏదో గొణిగినట్టే గొణిగి, గెలవగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆ గొణుగుడు, ఆ కన్నీళ్ళు రెండూ మావే. రెండూ రాయాలి.

గాలిబ్‌ని తెలుగులో మాకిచ్చింది దాశరథి. ఆయన మెట్రిక్ చదివింది ఖమ్మంలో. నిజాం జైలుకు పోయి నిజాం మీద కవిత్వం రాసిన మనిషే, ఉర్దూ మీద ప్రేమతో ‘గాలిబ్ గీతాలు’ రాశాడు. బాపు బొమ్మలు వేశాడు. రాజు వేరు, రాజు భాషలో పాడుకునే జనం వేరని ఆయనకు తెలుసు. ఇవాళ చాలామందికి అది చెప్పినా ఎక్కదు. ఆయన కన్నా ముందే పిఠాపురం ఉమర్ అలీషా, ఉమర్ ఖయ్యాంని పారశీకం నుంచి తిన్నగా తెలుగు పద్యంలోకి తెచ్చాడు. తెలుగు పద్యం మా ఇంట్లో ఎప్పటి నుంచో కాపురమున్న మనిషి, చుట్టపుచూపుగా వచ్చిపోయేది కాదు.

మా పుస్తకాల్లో మాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు ‘పింజారి’. షేక్ నాజర్ ఆత్మకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టి, బుర్రకథని ఊరూరా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన పల్నాటి యుద్ధం చెప్తుంటే పక్కన హాస్యం చెప్పేవాడి కన్నా ఆయన కనుబొమలే ఎక్కువ నవ్వించేవని చూసిన పెద్దలు చెప్తారు. ‘పింజారీ’ అనేది తెలుగులో తిట్టు. బడిలో ఆ తిట్టు తినని దూదేకుల పిల్లవాడు లేడు. నాజర్ ఆ తిట్టునే తన జీవితానికి పేరుగా పెట్టుకున్నాడు. అట్ట మీద ఆ మాట అచ్చయ్యాక తిట్టేవాడి నోట్లో అది సగం చచ్చిపోయింది. దూదిని ఏకితే ఏమవుతుంది? గట్టిపడ్డది మెత్తబడుతుంది, పొంగుతుంది. మాటను ఏకడం కూడా మా కులవృత్తేనని మేం నవ్వుకుంటాం.

ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వచ్చినప్పుడు ఇంకో రకం సుఖం. కావలి మాకు చాలా దూరం. ఆ నెల్లూరు యాస మాది కాదు. కానీ ఆ ఇల్లు మాదే. ఆ అమ్మ కోపం, ఆ నాయన చేతగానితనం, ఆ పండుగ సేమ్యా అన్నీ మావే. తెలుగులో ఒక ముస్లిం ఇంటి గురించి చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వడం మాలో చాలామందికి అదే మొదలు. ఇక రొట్టమాకురేవు యాకూబ్ ‘ప్రవహించే జ్ఞాపకం’ (1992) మాకు పుస్తకం కాదు, పొరుగిల్లు. మన ఊరి వాగు, మన ఇంటి అరుగు అచ్చులోకి ఎక్కితే కలిగే ఆనందం ఎంతటిదో, అచ్చులో ఎప్పుడూ ఉన్నవాళ్ళకి తెలియదు.

ఇంతదాకా మగవాళ్ళ పేర్లే ఎక్కువ వచ్చాయని మాలోని ఆడవాళ్ళు ఇప్పటికే గుర్రుమంటున్నారు. నిజమే. మా ఖుషీలో పెద్ద భాగం పుస్తకాల్లోకి రాలేదు, ఎందుకంటే అది ఆడవాళ్ళ గొంతులో ఉంది. దక్కన్‌లో సూఫీలు తిరగలి దగ్గర పాడుకోమని ఆడవాళ్ళకు చక్కీనామాలు కట్టిచ్చారు. తిరగలి పిడిని అల్లా పేరుతో, తిరిగే రాయిని మనిషి బతుకుతో పోల్చిన పాటలవి. పిండి విసురుతూనే వేదాంతం. ఇక పెళ్ళిళ్ళలో ఢోలక్ పాటలు వినాలి. పసుపు నాటి రాత్రి, మగవాళ్ళు బయట కుర్చీల లెక్క చూసుకుంటుంటే, లోపల ఒక ఖాలా ఢోలక్ ముందేసుకుంటుంది. ఇంకొకామె చెంచాతో దాని చెక్క మీద తాళం. పెళ్ళికొడుకు అమ్మని, అక్కని, వాళ్ళింటి పొదుపుని, వాళ్ళ బిర్యానీలో ముక్కల కరువుని పాటలోనే ఉతికి ఆరేస్తారు. ఉర్దూ చరణం సగంలో తెలుగులోకి దూకుతుంది. ఏడాది పొడుగునా నోరెత్తని కోడలు ఆ రాత్రి పాట ఎత్తుకుంటే అత్త కూడా తాళం వెయ్యాల్సిందే. 2005లో షాజహానా ‘నఖాబ్’ రాసినప్పుడు ఈ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. మేం ఆశ్చర్యపోలేదు. ఢోలక్ ముందు కూచున్నవాళ్ళకి అది తెలిసిన గొంతే.

మా సింగారం గురించి మీకు తెలిసింది బురఖా ఒక్కటే. అది నలుపు గనక లోపలంతా చీకటనుకుంటారు. లోపల సుర్మా ఉంది. మల్లెమొగ్గ ఉంది. పెట్టెలో దూదికి అద్ది దాచిన అత్తరు ఉంది. రంజాన్ చివరి రాత్రి, చాంద్‌రాత్, పెరటి గోరింటాకు రుబ్బి చేతులకు మందంగా పెట్టుకుని, ఎవరైనా అన్నం కలిపి నోట్లో పెడతారా అని ఇల్లంతా తిరిగే ఆడపిల్లలున్నారు. లక్క గాజులున్నాయి. లక్క అంటే చెట్టుకొమ్మ మీద పురుగు పెట్టేది. మా అడవుల్లో పూసే మోదుగ కొమ్మ మీద కూడా అది పెడుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మెరుపు ముందు అడవి సరుకని మా గాజుల చాచీలు ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నారు. సంతలో కోయ అక్క చెయ్యి అట్లా పట్టుకుని చూసి, ఏ సైజో అడక్కుండా మలారంలోంచి తీసే చాచీని చూడండి. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని ఇద్దరూ నవ్వుకుంటుంటారు. అడవి అంచున మేం చూసిన అందాల్లో అదొకటి.

ఒక ముల్లు కూడా ఉంది, దాచం. ఆ ఢోలక్ పాటల్లో పెళ్ళికూతురు ఎప్పుడూ తెల్లనిదే. చందమామే. మా పెళ్ళికూతుళ్ళు ఎక్కువమంది మా నేల రంగువాళ్ళు. ఎండన పడి పనిచేసిన కులాల్లోంచి వచ్చినవాళ్ళం, ఏ అరేబియా నుంచీ రాలేదు. అయినా సంబంధం చూడటానికొచ్చినవాళ్ళు పిల్ల రంగు చూసి కట్నం పెంచుతారు. అప్పుడు మా నానీలు చెప్పే జవాబొకటుంది. బిలాల్ రంగు తక్కువైతే అజాన్ వినడం మానెయ్యమనండి. ఈ జవాబు తర్వాత కట్నం తగ్గిన ఇళ్ళు కొన్నే. కానీ ఆ జవాబు విన్న పిల్ల అద్దంలో చూసుకునే తీరు మారుతుంది. చాంద్‌రాత్ నాడు నల్లటి చేతి మీద గోరింటాకు ఎంత ఎర్రగా పండుతుందో చూసినవాళ్ళు ఎవరైనా ఇక రంగుల గురించి మాట్లాడరు.

ఇదంతా చదివి ఇటు నుంచీ అటు నుంచీ మమ్మల్ని అడిగేవాళ్ళుంటారు. పీర్లేంది, మర్ఫా ఏంది, టీవీ ఏంది, ఇదంతా దీన్‌లో ఉందా అని మావాళ్ళే అడుగుతారు. కొన్ని ఊళ్ళల్లో ఆలావాలు పూడ్చేశారు. పీర్లు పెట్టె దిగడం మానేశాయి. నమాజు మాకూ తెలుసు. రోజా మాకూ తెలుసు. మా దాదీలు ఐదు పూటలా సజ్దా చేసి, ఆరో పూట ఢోలక్ పట్టారు. వాళ్ళ ఈమాన్ మీద వేలు పెట్టే అర్హత ఎవరికుంది? అడవి అంచున, మసీదుకి పది మైళ్ళ దూరంలో, ఇస్లాం పేరును ఇన్ని తరాలు బతికించింది ఆ పీర్లూ ఆ పాటలూ కాదా?

అటు నుంచి మా సెక్యులర్ మిత్రులు అడుగుతారు. కాలం ఇట్లా ఉంటే సంబరాలేంది, ఇది పోరాటాన్ని పలచన చెయ్యదా అని. మిత్రులారా, నాజర్ బుర్రకథలో హాస్యం చెప్పేవాడు లేకపోతే కథ నడిచేదా? రాజకీయం చెప్పేవాడొక పక్క, నవ్వించేవాడొక పక్క, మధ్యలో కథకుడు. ముగ్గురుంటేనే దళం. మేం ఇన్నాళ్ళూ ఒక పక్కే నిలబడి చెప్పాం. రెండో పక్క ఖాళీగా ఉంది. మా మీద ద్వేషం చల్లేవాళ్ళకు మా ఏడుపుతో పేచీ లేదు, అది వాళ్ళు కోరుకున్నదే. చాంద్‌రాత్ నాడు మా వీధి నవ్వు వాళ్ళను ఇబ్బంది పెడుతుంది.

ఇంకా భయపడాల్సింది ఇంకొకటుంది. మా పిల్లలు. తామెవరో తెలుసుకోవడానికి వాళ్ళు మా పుస్తకాలే తెరుస్తారు. అందులో వాళ్ళకు తమ జాతి అంటే అనుమానితుల జాబితా, కాలిన ఇల్లు, చెయ్యని నేరానికి సంజాయిషీ మాత్రమే దొరికితే, పేరు మార్చుకుని ఎక్కడికైనా పారిపోవాలనిపించదా? పుట్టిన ఇంట్లో నవ్వు ఉందని తెలియని పిల్ల ఆ ఇంటి కోసం ఎందుకు నిలబడుతుంది? గాయం గురించి చెప్తే వాళ్ళకు కోపం వస్తుంది. కోపం కొంతదూరమే నడిపిస్తుంది. ఆపైన నడవడానికి ఒక పాటో, ఒక రంగో, నానీ నోటి నుంచి విన్న ఒక బూతు సామెతో కావాలి.

అందుకని రాసే మావాళ్ళందరికీ మా విన్నపం ఒకటే. గాయాలు రాయండి, ఆపొద్దు. వాటి పక్కనే ఢోలక్ పాటలు రాసిపెట్టండి, పాడే ఖాలాలు ఒక్కొక్కరే పోతున్నారు. మీ ఊరి పీర్ల పేర్లు రాయండి. మీ అమ్మీ అత్తరు సీసా ఎక్కడ దాచుకునేదో రాయండి. టీవీలో ఎవరి పేరు చూసి మీ ఇల్లు ఎగిరి గంతేసిందో రాయండి. చదివే మీరందరూ కూడా, ఈసారి మా ఇంటికొస్తే ఎట్లా ఉన్నారు, భయంగా ఉందా అని అడిగేముందు, ఏం పాటలు వింటున్నారు అని అడగండి. చాలా పెద్ద జవాబు చెప్తాం. టీ రెండుసార్లు పెట్టాల్సొస్తుంది, కూచోండి.